పీఎల్-259 కనెక్టరు: వాన పడగానే ఎస్‌డబ్ల్యుఆర్ పెరుగుతోంది

ప్రశ్న (నల్గొండ)
మిత్రులకు నమస్కారం. మా డాబా మీది హామ్ రేడియో (అభిరుచి రేడియో) 2 మీటర్ల తరంగాల బ్యాండు యాంటెన్నా నుంచి కింది గదిలోని రేడియో వరకు 15 మీటర్ల ఆర్జీ-213 (మందపాటి కోయాక్సియల్) కేబుల్ వేసి, రెండు చివర్లా పీఎల్-259 (మరతో బిగించే రకం) కనెక్టర్లను నేనే సోల్డర్ చేసుకున్నాను. ఎండాకాలమంతా 1.3 దగ్గర నిలకడగా ఉన్న ఎస్‌డబ్ల్యుఆర్ (శక్తి ఎంత వెనక్కి తిరిగివస్తోందో చూపే కొలత; 1కి దగ్గరగా ఉంటే మంచిది) తొలి వాన పడిన రాత్రి 3 దాటింది. రెండు రోజులు ఎండ కాస్తే మళ్లీ దిగింది. పైనున్న కనెక్టరును చేత్తో కదిపినా మీటరు ముల్లు ఊగుతోంది. నా దగ్గరున్నది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్. లోపం యాంటెన్నాలో ఉందా, కనెక్టరులోనా?

జవాబు (మహబూబ్‌నగర్)
కదిపితే ముల్లు ఊగుతోందంటే ముందుగా అనుమానించవలసింది మీ సోల్డరింగునే. ఆర్జీ-213 మందం 10.3 మిల్లీమీటర్లు; దాని మధ్య తీగ చుట్టూ అల్లి ఉండే రాగి జాలీ, కనెక్టరు లోహం కలిసి వేడినంతా లాగేసుకోవడం వల్ల చిన్న ఐరన్ మొన చల్లబడిపోతుంది, సోల్డర్ కనెక్టరు పక్క రంధ్రాల్లో ముద్దగా కూర్చుంటుందే గాని లోపలి జాలీకి అంటదు. పోనీ ఎక్కువసేపు పెడదామంటే, 60/40 (తగరం/సీసం) సోల్డర్ కరగడానికి 183 డిగ్రీలు దాటాలి, లోపలి పాలిథిన్ 110 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడి మధ్య తీగ పక్కకు జరుగుతుంది. అందుకే వెడల్పు మొన ఉన్న 100 వాట్ల ఐరన్‌తో, కొద్ది క్షణాల్లో పని ముగించాలి. కనెక్టరుకు నికెల్ పూత ఉంటే రంధ్రాల చుట్టూ ఆకురాయితో గీకి, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి రాసే పదార్థం) రాయండి. అన్నిటికన్నా ముందు కనెక్టరును బిగించే బయటి రింగును కేబుల్‌లోకి ఎక్కించుకోండి. అది మరచి నేను రెండుసార్లు కేబుల్ కోసుకున్నాను.
యాంటెన్నా విప్పి, ఆ చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు పెట్టే రెసిస్టర్) తగిలించి కదిపి చూడండి. అప్పుడూ ముల్లు ఊగితే యాంటెన్నా నిర్దోషి.

జవాబు (మిర్యాలగూడ)
పై మిత్రుని మాటతో ఏకీభవిస్తూనే, వాన సంగతి విడిగా చూడాలంటాను. పీఎల్-259 నీటిని ఆపే కనెక్టరు కాదు. లోపలికి చేరిన తడి, వత్తి నూనెను పీల్చినట్లు జాలీ వెంట పాకుతుంది. కేబుల్ చివర విప్పి, జాలీ నల్లబడి ఉంటే మెరిసే రాగి కనిపించేదాకా కోసేయండి. తడిసిన కేబుల్ సిగ్నల్‌ను తానే మింగి, తిరిగివచ్చే శక్తిని తగ్గిస్తుంది కాబట్టి మీటరులో ఎస్‌డబ్ల్యుఆర్ బాగున్నట్లే కనిపించవచ్చు. ఎండకు దిగిన అంకెను నమ్మకండి. కొత్త కనెక్టరు మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును కింది నుంచి పైకి చుట్టండి. అప్పుడు ఒక్కో చుట్టు గూనపెంకులా కింది చుట్టును కప్పి నీటిని జారుస్తుంది. దాని మీద పీవీసీ టేపు వేయండి.

ప్రశ్న అడిగినవారు (నల్గొండ)
ఇద్దరికీ కృతజ్ఞతలు. డమ్మీ లోడ్ పెట్టినా ముల్లు ఊగింది. విప్పి చూస్తే జాలీ జానెడు మేర నల్లబడి ఉంది; అంతవరకు కోసి, అడిగి తెచ్చుకున్న 100 వాట్ల ఐరన్‌తో కొత్త కనెక్టరు చక్కగా అతికించాను. తీరా చూస్తే రింగు బల్ల మీదే ఉంది. కింది చివర కనెక్టరు అప్పటికే ఉండడంతో మళ్లీ కోయక తప్పలేదు.