యాప్‌లో నాన్నగారి వినికిడి పరీక్ష: ఫలితం ప్రతిసారీ మారుతోంది, నమ్మొచ్చా?

గౌతమి_గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది మండపేట దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి అరవై దాటాయి, జీవితమంతా రైస్ మిల్లులోనే పని. ఈమధ్య టీవీ సౌండ్ బాగా పెంచేస్తున్నారు, ఫోన్‌లో ఒకే మాట రెండు మూడుసార్లు చెప్పించుకుంటున్నారు, పెళ్లిళ్లలో నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే ఊరికే తలూపేసి పక్కకెళ్లి కూర్చుంటున్నారు. అలా చూస్తుంటే చాలా బాధేస్తోంది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి అంటే "నాకు బాగానే వినపడుతోంది, మీరే నోట్లో నోట్లో మాట్లాడుకుంటున్నారు" అంటారు. అందుకే ఫోన్‌లో వినికిడి యాప్ వేసి ఇయర్‌ఫోన్లు పెట్టి చేయించాను. మొదట కొద్దిపాటి లోపం అంది, తర్వాత వారం వినికిడి బాగా తగ్గిపోయినట్టు చూపించింది, మధ్యలో తమ్ముడి ఫోన్‌లో చేస్తే దాదాపు మామూలే అని వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. ఇలా నెలనెలా చూసుకుంటూ పోతే నిజంగా తగ్గుతోందో లేదో తెలుస్తుందా, లేక అంతా దండగేనా?

వినికిడి_కాకినాడ:
నేను ఆడియాలజిస్టునండి, అంటే వినికిడి పరీక్షలు చేసేవాళ్లం. దండగ కాదు, కానీ చేసే పద్ధతి మారాలి.

ముందు నాన్నగారి మాట గురించి. ఆయన మొండితనం అనుకోకండి, ఆయనకు నిజంగానే అలా అనిపిస్తుంది. వయసు వల్ల గానీ మిల్లు హోరు వల్ల గానీ చెవి దెబ్బతిన్నప్పుడు ముందు పోయేది సన్నగా కీచుమనే పైస్థాయి (హై పిచ్) శబ్దాలు. శబ్దం వల్ల వచ్చే లోపమైతే వినికిడి పరీక్ష గ్రాఫులో 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడినట్టు కనిపిస్తుంది. స, శ, ఫ, త లాంటి హల్లుల పదును అంతా ఆ పైస్థాయిలోనే ఉంటుంది, అచ్చులు కింద ఉంటాయి. అందుకే గొంతు వినపడుతుంది, మాట మాత్రం తెలియదు. మీరు అరిచి చెప్పినా పెద్దగా లాభం ఉండదు, ఎదురుగా కూర్చుని మొహం కనపడేలా నిదానంగా చెప్పండి.

ఇక యాప్ సంగతి. ఇవి రెండు రకాలు. ఒకటి బీప్‌లు వినిపించి, ఎంత చిన్న శబ్దం దాకా వినగలరో చూసేది. మా దగ్గర మెషీన్‌లో చేసేదీ మామూలుగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఇదే పరీక్ష, కాకపోతే మా హెడ్‌ఫోన్లు ఎంత శబ్దం ఇస్తున్నాయో కొలిచి సరిచేసి ఉంటాయి. ఫోన్ల విషయంలో అలా కాదు, ఒక్కో ఫోన్, ఒక్కో ఇయర్‌ఫోన్ ఒక్కోలా పలుకుతాయి. తమ్ముడి ఫోన్‌లో మామూలుగా రావడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. 2024లో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2కి పెట్టిన పరీక్షకు ఈ ఇబ్బంది తక్కువ, ఫోనూ ఇయర్‌బడ్లూ రెండూ వాళ్లవే కాబట్టి.

రెండోది హోరు మధ్యలో అంకెలు వినిపించి, ఏం విన్నారో నొక్కమనేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన ఉచిత యాప్ ఈ రకమే. ఇందులో లెక్కలోకి వచ్చేది మాటకూ హోరుకూ మధ్య తేడా కాబట్టి ఫోన్ మారినా ఫలితం మరీ అటూఇటూ కాదు, పైగా పెళ్లిలో ఆయన పడుతున్న ఇబ్బందిని నేరుగా పట్టుకునేది ఇదే. ఇంగ్లీషు అంకెలైనా ఫర్వాలేదు, ఫోన్ నంబర్లు అందరం ఇంగ్లీషులోనే చెప్పుకుంటాం కదా.

ఒకటి మాత్రం మర్చిపోకండి. బీప్ పరీక్షలో 5 డెసిబెల్స్ తేడా మా మెషీన్ మీద కూడా వస్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు. ఫలితం ఒకే వైపుకు నెలల తరబడి జారుతూ పోతుంటేనే అది మార్పు.

చెరువుగట్టు_భీమవరం:
నాకు రొయ్యల చెరువులు ఉన్నాయండి. రాత్రి కరెంటు పోతే జనరేటర్ పక్కనే నిలబడాలి, ఏరేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి సరుకు పోతుంది. అందుకే నా చెవుల మీద నేనే నిఘా పెట్టుకున్నాను. అదే ఫోన్, అదే ఇయర్‌ఫోన్, వాల్యూమ్ అంతే, తలుపులేసి ఫ్యాన్ ఆపేసిన గది, తెల్లవారుజామున. వానాకాలం రాత్రిళ్లు అసలు చేయకండి, కప్పల గోలకి ఏ పరీక్షా నిలబడదు. తేదీ, కుడి, ఎడమ విడివిడిగా పుస్తకంలో రాసుకుంటాను.

ఇంకోటి, మిల్లు నుంచి రాగానే చేయించారా? హోరులో గడిపిన చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటుంది, ఆ పూట తక్కువే చూపిస్తుంది.

శబ్దం కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి, ఐఫోన్‌కైతే పనిచోట ఆరోగ్య భద్రత చూసే అమెరికా నియోష్ సంస్థది ఉచితంగా దొరుకుతుంది. వాళ్ల లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు, 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, అంటే 3 పెరిగినప్పుడల్లా టైము సగం. జనరేటర్ పక్కన కొలిచాక ఇయర్‌ప్లగ్స్ లేకుండా అటు వెళ్లడం మానేశాను. నాన్నగారు ఇంకా మిల్లుకి వెళ్తుంటే యాప్ కన్నా ముందు అవి కొనండి, ఖరీదు ఏమంత ఉండదు.

కోనసీమ_కోడలు:
మా అత్తయ్యగారికి యాప్‌లో ఎడమ చెవి బాగా తక్కువ చూపించిందండి, కుడిది బాగానే ఉంది. అమలాపురంలో డాక్టరుగారికి చూపిస్తే గులిమి గట్టిపడి అడ్డం పడిందన్నారు, తీసేశాక మళ్లీ మామూలుగా వినపడుతోంది. అది యాప్‌కి ఏం తెలుస్తుంది, దానికి అన్నీ లోపమే. దయచేసి పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి గెలకనివ్వకండి, వేడి నూనె పోయనివ్వకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలికే పోతుంది.

వినికిడి_కాకినాడ:
కోడలుగారు మంచి మాట చెప్పారు. గులిమి అడ్డమా, మధ్య చెవిలో నీరా, లోపలి నరం దెబ్బతిందా అనేది తేల్చాలంటే చెవి లోపల చూడాలి, చెవి వెనక ఎముక మీద పెట్టి కూడా పరీక్షించాలి. ఫోన్‌కి ఆ రెండూ చేతకావు. ఒక చెవే తగ్గినా, చెవిలో మోత వస్తున్నా, కళ్లు తిరుగుతున్నా యాప్‌తో కాలక్షేపం చేయొద్దు. ఒక్కసారిగా ఒకటి రెండు రోజుల్లోనే వినికిడి పడిపోతే అదే రోజు ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తాలి, మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

గౌతమి_గట్టు:
అందరికీ చాలా థాంక్సండి. మిల్లు నుంచి వచ్చాక సాయంత్రాలే చేయించాను, ఫ్యాన్ కూడా తిరుగుతూనే ఉంది. ఈ ఆదివారం పొద్దున్నే అంకెల పరీక్ష పెట్టాం. తప్పులెక్కడ పడ్డాయో స్వయంగా చూసుకున్నారు కాబట్టి నాన్నగారే "సరే, ఓసారి చూపిద్దాం" అన్నారు. వచ్చే వారం వెళ్తున్నాం. ఏమేం పట్టుకెళ్లాలి?

వినికిడి_కాకినాడ:
యాప్ ఫలితాలు తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకెళ్లండి. షుగర్, బీపీ ఉంటే ఆ రిపోర్టులు, వాడే మందుల చీటీ తప్పకుండా ఉండాలి. గతంలో టీబీకి ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే అది కూడా చెప్పండి, వాటిలో కొన్ని చెవిని దెబ్బతీస్తాయి. ముందురోజు మిల్లుకి పంపకండి, పరీక్షకు ముందు కనీసం 14 గంటలైనా చెవికి హోరు తగలకూడదు. వినికిడి మిషన్ పెట్టుకోమంటే ఆడియోగ్రామ్ (పరీక్ష ఫలితం గ్రాఫు) కాపీ అడిగి తీసుకోండి. యాప్‌లో చూసుకుంటూ ఉండటం ఆపక్కర్లేదు, ఇకమీదట ఆ కాపీ పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు.