రాజీ అయిన కేసు: అటెస్టేషన్ ఫారంలో ఏమి రాయాలి?

ప్రశ్న: మా తమ్ముడు కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు. 2019లో పొలం గట్టు తగాదాలో వాడి మీదా, నాన్నగారి మీదా ఐపీసీ 323 (కొట్టి గాయపరచడం) కింద కేసు నమోదైంది. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. ఇప్పుడు ఉద్యోగంలో చేరే ముందు తన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో ‘మీపై ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అని ఉంది. కేసు పోయింది కదా, ‘లేదు’ అని రాసేయమంటున్నారు ఊళ్లో. ఎల్లుండే ఇవ్వాలి. అసలు ఆ ఎఫ్ఐఆర్‌ను రికార్డుల్లోంచి తీయించవచ్చా?

జవాబు: దయచేసి ‘లేదు’ అని రాయనివ్వకండి. ఫారం అడిగింది శిక్ష గురించి కాదు, కేసు నమోదు గురించి. పోలీసు శాఖలో ఇలాంటి వివరాలు ఆరా తీసే స్పెషల్ బ్రాంచి వారు విచారణకు వచ్చినప్పుడు స్టేషన్ రికార్డు చూస్తారు. రాజీ అయినా ఎఫ్ఐఆర్ అక్కడే ఉంటుంది. పెద్దల కేసులను పూర్తిగా చెరిపేసే సాధారణ చట్టం మన దేశంలో లేదు.

అయితే భయపడకండి. 323 రాజీకి వీలున్న సెక్షన్. అప్పట్లో అమల్లో ఉన్న నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 320(8) ప్రకారం రాజీ అయితే నిర్దోషిగా విడుదలైనట్లే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని స్పష్టంగా చెప్పింది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కానీ అధికారి కేసు తీవ్రతను చూసి నిర్ణయించాలి. చిన్న కేసును దాచి పెద్ద చిక్కు తెచ్చుకోవడం ఎందుకు? రేపే కోర్టుకు వెళ్లి లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) ధ్రువీకృత నకలుకు దరఖాస్తు పెట్టండి.

మరొకరి ప్రశ్న: నాకు పదహారేళ్లప్పుడు పిల్లల కేసులు విచారించే జువెనైల్ బోర్డులో చిన్న కేసు నడిచింది. నేనూ రాయాలా?

జవాబు: మీ సంగతి వేరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఆ కేసు మీకు అనర్హత కాదు. అప్పీలు గడువు దాటాక రికార్డును ధ్వంసం చేయాలని కూడా అందులో ఉంది. ఫారంలో ప్రశ్న ఎలా ఉందో న్యాయవాదికి చూపించి రాయండి.

మొదటి వ్యక్తి: రేపటికి నకలు రాకపోతే? ఫారంలో చోటు కూడా చాలదు.

జవాబు: ‘అవును’ అని రాసి, ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్, రాజీ తేదీ విడి కాగితం మీద రాసి జత చేయండి. నకలుకు దరఖాస్తు పెట్టినట్లు కూడా అందులోనే తెలపండి. ఫారం జిరాక్స్ మీద అందినట్లు ముద్ర వేయించుకోవడం మరవకండి.