"వెలయంగ"నా, "వెలయంగా"నా?

కందపిచ్చి: రాత్రి షిప్‌మన్ కేసు చదువుతుంటే సుమతీ శతకంలోని తేలు పద్యం తగులుకుంది, వదలడం లేదు. పాముకు తలలో, తేలుకు తోకలో, ఖలుడికి తలా తోకా అనక నిలువెల్లా విషం అనే కందం. ఇంగ్లండు డాక్టరు, 1975 నుంచి 1998 దాకా తనను నమ్మి వచ్చినవాళ్లనే ఇంజెక్షన్లిచ్చి చంపాడు. విచారణలో తేలిన లెక్క 215. "వెలయంగ దోక నుండు వృశ్చికమునకున్" అనే కదా?

పాతనిఘంటువు: గ కాదు, గా. హ్రస్వమైతే రెండో గణంలో ఒక మాత్ర తగ్గి కందం కుంటుతుంది. అర్థం మాత్రం వెతక్కండి. ప్రాసకి ల, వృశ్చికంతో యతికి వె, రెండూ ఒక్క దెబ్బకి తీరతాయని వేసిన ఊతపదం అది.

అక్షరలక్ష: ఊతపదం అనేస్తే ఎలాగండీ? వెలయు అంటే బయటికి తెలియడం. తేలు కొండి ఎత్తుకుని నడుస్తుంది, చూసి తప్పుకుంటాం. ఖలుడికి ఆ వెలయడమే లేదు. షిప్‌మన్ చంపేవాడు, మరణ ధ్రువపత్రం తనే రాసేవాడు; పోయినవాళ్లు ఎక్కువగా పెద్ద వయసువాళ్లు, ఇంట్లోవాళ్లూ సరే అనుకునేవారు. దహనానికి అప్పట్లో రెండో డాక్టరు సంతకం కావాల్సి ఉండేది, అదీ పడేది. 1998లో పక్క క్లినిక్ డాక్టరు ఇన్ని చావులేమిటని అడిగితే పోలీసులు ఏమీ లేదని వదిలేశారు. పట్టించింది దొంగ వీలునామా!

మేడిచెట్టు: దీనికి వేమన మేడిపండే సరి.

పాతనిఘంటువు: అది పిరికివాడి బింకం గురించి బాబూ, మూడో పాదం ఎవరూ చదవరు. అయినా వేమన ఆటవెలదిలో ఇలాంటి ఊతపదం ఒక్కటి చూపించండి.

మేడిచెట్టు: చూపిస్తాలెండి, పుస్తకం ఇంట్లో ఉంది. అక్షరలక్ష గారూ, అమెరికా వరుస హంతకుడు రిడ్జ్‌వే సంగతో? 1984లో లై డిటెక్టర్ పాసయ్యాడు, 1987లో పోలీసులు తీసుకున్న లాలాజలం 2001లో డీఎన్‌ఏ పరీక్షకు వెళ్లేదాకా లారీలకు రంగులేసుకుంటూ బతికాడు. చనిపోయినవాళ్లలో చాలామంది ఇల్లు వదిలిన అమ్మాయిలు, సెక్స్ వర్కర్లు. కనబడకపోతే గట్టిగా అడిగేవాళ్లేరీ? విషం వెలసే ఉంది, చూసినవాళ్లే లేరు.

అక్షరలక్ష: అందుకే కదా "తల దోక యనక" అన్నాడు. ఫలానా చోటని వేలు పెట్టి చూపలేం.

పాతనిఘంటువు: అనక అంటే ఇక్కడ తేడా లేకుండా అని, అంతే. ఎక్కువ లాగకండి.

కందపిచ్చి: సరే, గా అనే ఉంచుతాను. దాని తర్వాత అరసున్న ఉందా? లేకపోతే తోక దోక ఎలా అయింది?