అమ్మకి తిమ్మిర్లు: బీ కాంప్లెక్స్ రోజుకు రెండు వేయొచ్చా?

ప్రశ్న: అమ్మ షుగర్‌కి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రయితే మంటలు. కాలి నుంచి చెప్పు జారినా తెలియట్లేదట. చాలా భయంగా ఉంది. బీ కాంప్లెక్స్ రెండేసి వేయనా?

జవాబు 1: వద్దండీ. ముందు బీ12 రక్తపరీక్ష చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గి, ఇలా తిమ్మిర్లు రావొచ్చు. అలాగని మెట్‌ఫార్మిన్‌ని మీ అంతట మీరు ఆపకండి. బీ12 తక్కువగా ఉన్నప్పుడు ఫోలిక్ యాసిడ్ (ఇదీ బీ విటమినే) ఒక్కటే వేసినా ప్రమాదమే: రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

జవాబు 2: అట్ట మీద బీ6 ఎంతుందో చూశారా? మోతాదు మించి నెలల తరబడి వాడితే అదే తిమ్మిర్లు తెస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో పెద్దలకు రోజుకు 12 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది.

అడిగినవారు: ఇప్పుడే చూశాను. ఒక్క మాత్రలోనే 50 ఉంది!

జవాబు 2: ఆ అట్ట డాక్టర్‌కి చూపించండి. బీ12 తక్కువని తేలితే ఇంజెక్షనా, మాత్రా అన్నది ఆయనే చెబుతారు. ఆలస్యం చేయకండి.