జెల్ నిలవాలంటే గోరు అరగదీయాల్సిందేనా?

బురుజుకాడి గోళ్లు (కర్నూలు)
జెల్ పాలిష్ (ల్యాంప్ వెలుగులో గట్టిపడే గోళ్ల రంగు) గోటి మొదట్లో లేస్తోందని, చివర పెచ్చు ఊడుతోందని రోజూ అడుగుతున్నారు. పార్లర్లలో అన్నింటికీ ఒకటే మందు: ఈ-ఫైల్ (కరెంటుతో తిరిగే ఆకురాయి) పెట్టి గోరంతా గరగరా తిప్పడం. నా లెక్కన అది అవసరం లేదు, పైగా చెరుపు. గోటి మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. చేతి గోరు నెలకు పెరిగేది దాదాపు 3 మిల్లీమీటర్లు. అరిగిన చోటు కత్తిరింపుకు వచ్చేసరికి నాలుగైదు నెలలు పడుతుంది. పలచబడిన గోరు వంగుతుంది, దాని మీద గట్టిపడిన జెల్ వంగదు. అందుకే పక్కల్లో తెల్లగా గాలి చేరి లేస్తుంది. లేచిందని మళ్లీ అరగదీస్తారు. కాదనేవాళ్లు కారణంతో చెప్పండి.

ఏడురోడ్ల నెయిల్‌టెక్ (కడప)
సగం ఒప్పుకుంటాను. ఈ-ఫైల్‌తో గోటి మీదికి పోవడం తప్పే. కానీ మెరుపు అసలు తీయకుండా వేస్తే జిడ్డు గోళ్లకు పది రోజులు కూడా నిలవదు. 240 గ్రిట్ బఫర్ (గోరు రుద్దే దిమ్మ, గ్రిట్ అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) తీసుకుని, ఒత్తకుండా, గోరు పెరిగే దిక్కునే మూడు నాలుగు సార్లు లాగితే చాలు. మెరుపు పోయి మసక తేలాలి, అంతే. 100 గ్రిట్ ఫైల్ గోటికి తగలకూడదు. తర్వాత దుమ్ము దులిపి డీహైడ్రేటర్ (గోటి తడి, జిడ్డు లాగేసే మందు), అది ఆరాక యాసిడ్ లేని ప్రైమర్ (జెల్ గోటికి అతికేలా చేసే పూత) పలచగా. ఆ ప్రైమర్ ఆరినా కొంచెం జిగటగా ఉంటుంది, ఉండాలి కూడా. యాసిడ్ ప్రైమర్‌లో మెథాక్రిలిక్ యాసిడ్ ఉంటుంది, చర్మానికి తగిలితే కాలుతుంది. మామూలు జెల్ పాలిష్‌కు దాని అవసరమే లేదు.

బురుజుకాడి గోళ్లు (కర్నూలు)
"జిడ్డు గోళ్లు" అనే మాటే నాకు ఎక్కదు. గోటి కింద నూనె గ్రంథులు ఉండవు. మీరు జిడ్డు అనేది చేతి చెమట, పొద్దున తలకు పెట్టుకున్న కొబ్బరి నూనె, లేదంటే పార్లర్‌లోనే ముందుగా రాసిన మసాజ్ క్రీమ్. క్రీమ్ రాసి, టిష్యూతో తుడిచి, పైన బేస్ (జెల్ అడుగు పూత) వేస్తే ఏ బఫర్ కాపాడుతుంది? మసాజ్ చేయాలంటే టాప్ కోట్ (చివరి పై పూత) ఆరాక చేయండి.

బుడ్డలచేను (అనంతపురం)
ఏమప్పా, మీరిద్దరూ బఫర్ కాడే ఆగిపోయినారు. మొదట్లో లేచే జెల్‌కు ముఖ్య కారణం గోటికి అంటుకుని ఉండే చచ్చిన చర్మం. పుషర్‌తో వెనక్కి నెట్టేస్తే పోయింది అనుకుంటాండారు, పోదు. అసిటోన్ తడిపిన దూదితో గోరు తుడిచి, లైటు కింద పక్కకు వంచి చూడండి. మొదట్లో, ముఖ్యంగా రెండు మూలల్లో, సున్నం పూసినట్టు తెల్లటి పలచ పొర కనపడతాది. జెల్ దాని మీద అతుక్కుంటాది, గోటి మీద కాదు. ఆ పొర లేస్తే జెల్ కూడా లేస్తాది. క్యూటికల్ రిమూవర్ (ఆ చర్మాన్ని మెత్తబరిచే మందు) ఒకటి రెండు నిమిషాలు ఉంచి, పుషర్‌తో మూలల్లో చిన్నగా గీకి, సబ్బుతో బాగా కడగాల. అది క్షారం, మిగిలితే అది కూడా అతకనీదు.

ఇంకొకటి, వేడి నీళ్ల టబ్బులో చేతులు నానబెట్టడం మానుకోండి. గోరు నీళ్లు తాగి ఉబ్బుతాది, మీరు ఉబ్బిన గోటి మీద వేస్తారు, అది ఆరి ముడుచుకుంటే జెల్ యాడ పట్టుకుంటాది?

గోరింటాకు పెట్టుకున్న గోళ్లకు జెల్ వేయొచ్చా అని ఎవరో అడిగినారు. వేయొచ్చు. ఎరుపు గోట్లోకి ఇంకిపోయి ఉంటాది, దానితో ఇబ్బంది లేదు. పండాలని పూసిన నీలగిరి నూనె, నిమ్మరసం చక్కెర జిగటే చెరుపు. అసిటోన్‌తో రెండుసార్లు తుడవండి.

ఏడురోడ్ల నెయిల్‌టెక్ (కడప)
చచ్చిన చర్మం మాట నూటికి నూరు పాళ్లు. అయితే గోటి రకం వదిలేయకూడదు. పలచగా వంగే గోళ్లకు మామూలు బేస్ కాకుండా రబ్బర్ బేస్ వేయాలి, గోటితో పాటు అదీ వంగుతుంది. పొరలు పొరలుగా చీలే ఎండు గోళ్లకు ముందు చీలిన చివర కత్తిరించి పొట్టిగా ఉంచాలి. చీలిక మీద జెల్ వేస్తే ఆ చీలికతోనే ఊడుతుంది. వీటికి డీహైడ్రేటర్ ఒక్కసారే. బల్లపరుపు గోళ్లకు నడిమధ్య ఒక చుక్క బిల్డర్ జెల్ (మందంగా నిలిచే జెల్) పెట్టి చిన్న గూని తేవాలి, లేదంటే దెబ్బంతా ఒకే చోట పడి అడ్డంగా పగులుతుంది.

బురుజుకాడి గోళ్లు (కర్నూలు)
రబ్బర్ బేస్ మంచిదే, కానీ మే నెలలో మన ఎండకు నీళ్లలా జారి చర్మం మీదికి పారుతుంది. చర్మాన్ని తాకిన జెల్ లేచి తీరుతుంది. ఐదు వేళ్లకూ ఒకేసారి వేయకుండా, రెండు వేళ్లకు వేసి ల్యాంప్‌లో 10 సెకన్లు పెట్టి, మిగతావి చేసి, చివర నాలుగు వేళ్లూ కలిపి పూర్తిగా 60 సెకన్లు. బొటనవేళ్లు విడిగా పెట్టండి. నాలుగు వేళ్లతో కలిపితే పక్కకు ఒరిగి సగమే గట్టిపడతాయి. ముదురు రంగులు మరీ పలచగా వేయాలి, పైన ఆరినట్టు కనిపించినా అడుగున పచ్చిగా ఉంటాయి.

ఈ పచ్చి జెల్‌తో ఊడడం ఒక్కటే కాదు, ఎలర్జీ కూడా. ఒకసారి పట్టుకుంటే జన్మంతా వదలదు. హెమా (HEMA, జెల్‌లలో ఉండే, ఎలర్జీ తెచ్చే రసాయనం) ఉన్న గోటి సరుకును ప్రొఫెషనల్స్ మాత్రమే వాడాలని యూరోపియన్ యూనియన్ 2020లో కట్టడి చేసింది ఇందుకే. ఇంట్లో చేసుకునేవాళ్లు జెల్ ఒక కంపెనీది, ల్యాంప్ ఇంకొకటి కలపకండి.

బుడ్డలచేను (అనంతపురం)
చివర్లు ఊడేవాళ్లకు ఒక మాట. బేస్, రంగు, టాప్ మూడింటికీ బ్రష్ దాదాపు ఎండగా చేసి గోటి అంచు మందం మీద అడ్డంగా ఒక గీత లాగాల. దాన్ని వదిలేస్తే నీళ్లు ఆ అంచు నుంచే దూరతాయి. తర్వాత బుడ్డలు (వేరుశనక్కాయలు) ఒలిచేటప్పుడు గోటితో కాయ సందు తెరవకండి, బొటనవేలి కండతో నొక్కితే అదే పగులుతాది. గిన్నెలకు గ్లవ్స్ వేసుకోవాల, ముఖ్యంగా బోరు నీళ్లు వాడే ఇండ్లలో. లేత రంగు జెల్‌కు పసుపు అంటితే టాప్ కోట్ సరిగా ఆరకపోయి ఉండొచ్చు.

ఏడురోడ్ల నెయిల్‌టెక్ (కడప)
గోళ్లు పలచబడేది ఎక్కువగా తీసేటప్పుడే. అంచు లేచింది కదా అని పీకితే గోటి పొర కూడా వస్తుంది. టాప్ కోట్‌ను మాత్రం ఫైల్‌తో గరుకు చేసి, అసిటోన్ దూది, ఫాయిల్ చుట్టి 10 నుంచి 15 నిమిషాలు ఆగండి. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు. ఫ్యాన్ కింద అసిటోన్ తొందరగా ఆరిపోతుంది, ఫాయిల్ బిగుతుగా చుట్టాలి. పొయ్యి దగ్గర వద్దు.

బఫర్ విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. చేతులు చెమట పట్టేవాళ్లకు 240తో మెరుపు తీయకుండా మూడు వారాలు హామీ ఇవ్వలేను.

బురుజుకాడి గోళ్లు (కర్నూలు)
మూడు వారాలు హామీ ఇవ్వమని ఎవరడిగారు? అలాంటి చేతులకు రెండు వారాలని ముందే చెప్పి, పదిహేనో రోజు తీసి మళ్లీ వేయండి. 240 బఫర్ మూడు లాగుళ్ల వరకు సరే, ఈ-ఫైల్ మాత్రం టాప్ కోట్ దాటి కిందికి దిగకూడదు.