అమ్మానాన్నల్ని క్రూజ్ ఎక్కిద్దామనుకుంటున్నాం, ఏ ఓడలో ఎలాంటి జనం ఉంటారండి?

కొబ్బరితోట_అమలాపురం:

అందరికీ నమస్కారమండి. వచ్చే ఏడాది మా నాన్నగారి షష్టిపూర్తి. ఊళ్లో హోమం, భోజనాలు ఎలాగూ తప్పవు, అవి అయ్యాక అమ్మ, నాన్న, అత్తయ్యగారు, మావయ్యగారు, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరు (ఒకడికి 12, చిన్నదానికి 6), మొత్తం ఎనిమిది మందిమి ఓ నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొద్దామని ఆలోచన. కంపెనీల వెబ్‌సైట్లన్నీ చూశాను. అన్నిట్లోనూ ఒకటే ఫొటోలు, అందరూ నవ్వుతూనే ఉంటారు, అందరివీ తెల్లటి పళ్లే. నాకు కావలసింది అందులో జారుడుబల్లలు ఎన్ని ఉన్నాయని కాదు, మా అమ్మ పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారని.

ఎందుకడుగుతున్నానంటే, రెండేళ్ల క్రితం పాపికొండలు తీసుకెళ్లాను. లాంచీలో ఓ బ్యాచ్ కూల్‌డ్రింక్ సీసాల్లో కలుపుకుని పొద్దున్న తొమ్మిదింటికే మొదలెట్టారు, మైకులో పాటలు, మధ్యలో డాన్సులు, నిర్వాహకులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అమ్మ రోజంతా తల తిప్పుకుని కూర్చుంది. కొండలు చూద్దామని వెళ్లి స్పీకర్ చూసొచ్చాం. పైగా అమ్మ పుట్టిల్లు ఓడలరేవు వైపు, 96 తుఫాను కళ్లారా చూసిన మనిషి, 2019లో కచ్చులూరు పడవ ప్రమాదం తర్వాత పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కాలన్నా ముందు దండం పెట్టుకుంటుంది. అలాంటి మనిషిని ఒప్పించి ఓడ ఎక్కిస్తే అక్కడా అదే గోల ఉంటే నా పని అయిపోయినట్టే.

మా ఆవిడ ఆఫీసులో ఒకరు హాలండ్ అమెరికా అనే కంపెనీ ఓడ అన్నారు, అంతా పెద్దవాళ్లే, ప్రశాంతంగా ఉంటుందట. బావమరిది రాయల్ కరేబియన్ అంటాడు. ఇంకొకరు మన దేశం కంపెనీయే, కార్డీలియా చాలు కదా అన్నారు. పెద్దవాళ్లు ఎక్కే ఓడే మా పెద్దవాళ్లకి మంచిది అని నా లెక్క. కాదంటే చెప్పండి.

రాజోలు_టు_డాలస్:

అన్నయ్యా, మీ లెక్కే నేనూ వేసి దెబ్బతిన్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మాకు గాల్వెస్టన్ రేవు కారులో ఐదు గంటల దారి. మొదటిసారి నేనూ మా ఆయనా కార్నివాల్‌లో వెళ్లాం, నాలుగు రాత్రులు, మెక్సికో దాకా, అదీ మార్చిలో కాలేజీ పిల్లలకి సెలవులప్పుడు. ఆ కంపెనీ తన ఓడల్ని ఫన్ షిప్‌లనే పిలుచుకుంటుంది, పేరుకు తగ్గట్టే ఉంది. ఈతకొలను దగ్గర మగాళ్లకి ఛాతీ మీద వెంట్రుకల పోటీ ఒకటి పెట్టారు, నిజంగానే, ఒట్టు. మేము పగలబడి నవ్వుకున్నాం, కానీ పక్కన అమ్మ ఉండుంటే సముద్రంలోకి దూకేదాన్ని. మనుషులు మాత్రం మంచివాళ్లండి, లిఫ్టులో కూడా పలకరిస్తారు.

ఆ అనుభవంతో అమ్మానాన్న వచ్చినప్పుడు ఇంకో చివరకు వెళ్లాను. హాలండ్ అమెరికాలో అలాస్కా, ఏడు రాత్రులు. అది 1873లో పుట్టిన కంపెనీ, ఎక్కేవాళ్లలో చాలామంది రిటైరైన అమెరికన్లు, కెనడా వాళ్లు. సాయంత్రం పియానో, ఒక మూల పెద్ద బల్ల మీద బొమ్మ ముక్కలు పేర్చే ఆట, దాని చుట్టూ నలుగురు తాతలు మాట్లాడకుండా గంటలు గంటలు. రాత్రి పదింటికి వరండాలన్నీ ఖాళీ. తాగి ఊగేవాళ్లు లేరు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. నేను మహా సంతోషపడిపోయి నాన్నని అడిగితే, "బాగుందమ్మా, డాక్టరు గారి దగ్గర మన నంబరు పిలిచేదాకా కూర్చున్నట్టుంది" అన్నారు.

వాళ్ల వయసు వాళ్లే అందరూ, కానీ మాట్లాడ్డానికి ఒక్కరు లేరు. నవ్వుతారు, గుడ్ మార్నింగ్ అంటారు, అక్కడితో సరి. అమ్మ అయితే గదిలోంచి బయటికి రావడం మానేసింది. నాలుగో రోజు భోజనాల దగ్గర ఒక పంజాబీ జంట తగిలారు, ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారట, మా నాన్నకి వచ్చిన హిందీ ముక్కలు పది, ఆ పదితోనే మిగతా మూడు రోజులు లాగించేశారు. అలాస్కాలో మంచు కొండల మధ్య ఉండే గ్లేసియర్ బే చూసిన రోజు మాత్రం మినహాయింపు. ఆ రోజు నేషనల్ పార్క్ రేంజర్లు ఓడెక్కి మైకులో మంచు గురించి చెబుతారు, ఒక్కసారి అంత మంచు గోడ ఉరుముతూ విరిగి నీళ్లలో పడింది, అప్పుడు భాష ఏముంది, అందరూ నోరు తెరుచుకుని చూడటమే. నాన్న చలిలో రెండు గంటలు రెయిలింగ్ వదల్లేదు.

కాబట్టి వయసు కలిస్తే సరిపోదు, మాట కలవాలి. ఇప్పుడు మళ్లీ తీసుకెళ్లాల్సొస్తే థాంక్స్‌గివింగ్ వారంలో (ఇక్కడ నవంబరు చివర వచ్చే సెలవులు) రాయల్ కరేబియన్ ఎక్కిస్తాను. గోల ఉంటుంది, కానీ ఆ వారం మన తెలుగువాళ్లు ఎంతమంది ఎక్కుతారంటే బఫే వరుసలో ఎవరి పిల్లకి ఎక్కడ సంబంధం కుదిరిందో కూడా తెలిసిపోతుంది.

పాలకొల్లు_బాబాయ్:

నాకు తెలిసింది ఒక్కటే. ముంబై నుంచి గోవా వెళ్లే ఓడ మాత్రం శుక్రవారం ఎక్కొద్దు. మీరు చెప్పిన లాంచీకి పది అంతస్తులు కట్టినట్టుంటుంది.

వైట్‌షర్ట్_కాకినాడ:

నేను 9 ఏళ్లు క్రూజ్ షిప్‌ల డైనింగ్ హాల్లో పనిచేశానండి, రెండు కంపెనీల్లో. ఇప్పుడు మానేసి రొయ్యల చెరువులు చూసుకుంటున్నాను. అందరూ కంపెనీ పేరు అడుగుతారు, మేము మాత్రం కాంట్రాక్టు మొదలయ్యేటప్పుడు మూడు సంగతులు అడిగేవాళ్లం: ఎన్ని రాత్రులు, ఏ నెల, ఏ రేవు. దాన్నిబట్టి ఆ ట్రిప్పులో మాకు బీరు గ్లాసులు ఎక్కువ కడగాలా, పాల సీసాలు ఎక్కువ కడగాలా, చక్కెర లేని డెజర్టు ఎక్కువ పెట్టాలా అనేది ముందే తెలిసిపోయేది.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు ఉంది కదా. అదే పంటు, అదే రేవు. మామూలు రోజు పొద్దున్న ఎక్కితే కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు, బైకులు. అంతర్వేది తీర్థం రోజు ఎక్కితే అది వేరే లోకం. క్రూజ్ కూడా అంతే. రెండు మూడు రాత్రుల ట్రిప్పు అంటే తక్కువ ఖర్చు, సెలవు పెట్టక్కర్లేదు, కుర్రకారు ఎక్కుతారు, ఎక్కినప్పటి నుంచి దిగేదాకా పడుకోరు. ఏడు రాత్రులైతే కుటుంబాలు. పద్నాలుగు దాటిందంటే అంత సెలవు, అంత డబ్బు ఉండేది రిటైరైన వాళ్లకే. ఒకే ఓడలో జూలైలో వేయి మంది పిల్లల్ని చూశాను, అదే ఓడ శరదృతువులో అట్లాంటిక్ దాటేటప్పుడు నా సెక్షన్లో చేతికర్రలు పెట్టడానికి చోటు చాల్లేదు.

అలాగని కంపెనీకి గుణం ఉండదని కాదు. రాయల్ కరేబియన్ వాళ్లు 1999లోనే ఓడ మీద ఎక్కే గోడ, మంచు మీద స్కేటింగు పెట్టారు, అప్పటి నుంచి అది పిల్లలున్న ఇళ్లవాళ్ల కంపెనీ. వాళ్లదే సెలబ్రిటీ, అందులో పిల్లలు తక్కువ, జంటలు ఎక్కువ, తిండి మీద శ్రద్ధ ఎక్కువ. నార్వేజియన్ వాళ్లు భోజనానికి ఫలానా టైము అనే పద్ధతి తీసేశారు, అక్కడ ఎవరి దారి వారిది. ఎమ్మెస్సీ (MSC) అనే కంపెనీ ఓడల్లో యూరప్ కుటుంబాలు, మైకులో ఏం చెప్పినా ఐదారు భాషల్లో చెబుతారు, పైగా మధ్యధరా సముద్రంలో ప్రతి రేవులోనూ కొందరు దిగి కొందరు ఎక్కుతుంటారు కాబట్టి మన పాసింజరు రైల్లా ఉంటుంది, నిన్న పరిచయమైనవాళ్లు ఇవాళ ఉండరు. క్యునార్డ్ అయితే గాలా రాత్రి సూటు, బాల్‌రూమ్ డాన్సు, మధ్యాహ్నం టీ, ఇంగ్లీషు దొరల పద్ధతి. వైకింగ్, వర్జిన్ రెండింటిలోనూ 18 ఏళ్ల లోపు వాళ్లని ఎక్కనివ్వరు, కాబట్టి మీకు ఆ ప్రసక్తే లేదు. కానీ ఆ రెండింటికీ పోలికే లేదు. వైకింగ్‌లో క్యాసినో కూడా ఉండదు, పుస్తకాలు చదువుకునేవాళ్లు ఎక్కుతారు. వర్జిన్‌లో టాటూ వేసే కొట్టుంటుంది.

మీకు నా సలహా ఏమిటంటే, రాత్రి భోజనానికి ఎప్పుడొస్తే అప్పుడు తినే పద్ధతి తీసుకోకండి, ఒకే టైము, ఒకే బల్ల, ఒకే వెయిటరు ఉండే పద్ధతి అడగండి. మొదటి రోజు మీ అమ్మగారు అన్నం, పప్పు అని నోరు తెరిచి అడిగితే రెండో రోజు నుంచి అడగక్కర్లేదు. వెయిటర్లలో, హెడ్ వెయిటర్లలో మనవాళ్లు చాలామందే ఉంటారు, గోవా వాళ్లో కేరళ వాళ్లో, ముసలమ్మ కనిపిస్తే వాళ్లకి వాళ్లమ్మ గుర్తొస్తుంది. (నాకు గుర్తొచ్చేది, అందుకే చెబుతున్నాను.) గది ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, ఊపు తక్కువ. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు చూసుకుంటే అర్ధరాత్రి నెత్తి మీద కుర్చీలు లాగే చప్పుడు ఉండదు.

యానాం_గౌతమి:

కాకినాడ అన్నయ్య అన్నదాంట్లో సగమే ఒప్పుకుంటాను. రాత్రులు, నెలలు అన్నీ నిజమే, కానీ ఓడ నిండా మన దేశం వాళ్లే ఉన్నప్పుడు అది ఏ నెలైనా మన పెళ్లిలాగే ఉంటుంది. మేము చెన్నై నుంచి కార్డీలియా ఎక్కాం. 2022 జూన్‌లో విశాఖ నుంచి కూడా నడిపారు కానీ అప్పుడు మాకు కుదర్లేదు. ఎంప్రెస్ అనే ఆ ఓడ 1990 నాటిది, ఒకప్పుడు రాయల్ కరేబియన్ వాళ్లదే. ఇప్పటి పెద్ద ఓడలతో పోలిస్తే చిన్నది, అదే మంచీ, అదే చెడూ. మంచేమిటంటే రెండో రోజుకే అందరూ తెలిసిన మొహాలే, మా అత్తగారు మదురై నుంచి వచ్చిన ఒకావిడతో తమిళం రాకుండానే మూడు పూటలు కబుర్లు చెప్పింది. ఇడ్లీ, దోశ ఉన్నాయి, జైనుల వంట కూడా ఉంది. చెడేమిటంటే డెక్కు మీద డీజే పెడితే దాక్కోడానికి చోటు తక్కువ, యాంకర్లు అంతా హిందీ, బఫే దగ్గర పళ్లెం పట్టుకుని తోపులాట. ఆఫీసుల వాళ్లు గుంపుగా ఎక్కిన ట్రిప్పు అయితే మీ పాపికొండలు గుర్తొస్తాయి.

తర్వాత ఏడాది సింగపూర్ నుంచి జెంటింగ్ డ్రీమ్ ఎక్కాం. అది మూడు వేల మందికి పైగా పట్టే ఓడ. మలయ్ కుటుంబాలు, చైనా వాళ్లు, ఇండోనేషియా వాళ్లు, మనవాళ్లు. హలాల్ వంట ఉంది, మన శాకాహారమూ ఉంది. మేము ఎక్కింది ఆదివారం, వారాంతం గుంపు అప్పుడే దిగిపోయింది, మా ట్రిప్పులో ఎటు చూసినా హైదరాబాదు, అహ్మదాబాదు. గోల కావాలనుకున్నవాళ్లు పైకి వెళ్లారు, వద్దనుకున్నవాళ్లు కింద కూర్చున్నారు, ఓడ పెద్దదైతే ఉన్న సుఖం అది. క్యాసినో ఉంది కానీ ఒక తలుపు వెనకాల, దానికదే మన మీదకి రాదు. ఇంకో సంగతి, మలక్కా జలసంధిలో నీళ్లు మన కాలవల్లా ఉంటాయి, మీ అమ్మగారికి అది చెప్పండి. బంగాళాఖాతం మీద అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకోకండి, ఎందుకో ఆవిడకే బాగా తెలుసు.

కొబ్బరితోట_అమలాపురం:

అందరికీ చాలా థాంక్సండి. నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇవన్నీ చదివి వినిపించాను. డాలస్ చెల్లాయి నాన్నగారి మాట విని మా నాన్న ఒకటే నవ్వు. తర్వాత తీరిగ్గా చెప్పిందేమిటంటే, వాళ్ల తాత కాకినాడ రేవులో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లాడట, గదీ లేదు ఏమీ లేదు, డెక్కు మీద చాప వేసుకుని, చుట్టూ మనవాళ్లే, దారంతా పేకాట. "అలాంటి ఓడ చూడరా, నిశ్శబ్దం నాకెందుకు, అది మీ అమ్మ కోసం నువ్వు అనుకున్నావు గానీ నన్నెప్పుడు అడిగావు" అన్నారు. అమ్మని అడిగితే, తాగినవాళ్లు మీద పడకుండా ఉంటే చాలు, జనం ఉంటేనే ధైర్యం అంది. నేను ఇన్నాళ్లూ ఇద్దరినీ అడక్కుండానే లెక్కలు వేసుకున్నానన్నమాట.

సింగపూర్ వైపే చూస్తున్నాం, వారం మధ్యలో, సంక్రాంతి దాటాక. పిల్లల బడికి ఎలాగూ ఎగనామమే. ఒక్క డౌటు, అత్తయ్యగారు ఇప్పటి నుంచే ఆవకాయ, పూతరేకులు మూట కట్టేస్తున్నారు. ఓడలోకి రానిస్తారా?

వైట్‌షర్ట్_కాకినాడ:

ఇంట్లో చేసిన తిండి మామూలుగా ఎక్కనివ్వరండి. కంపెనీ సీలు ఉన్న ప్యాకెట్లయితే చాలాచోట్ల ఒప్పుకుంటారు, బుక్ చేసేటప్పుడు ఒకసారి అడిగి రాయించుకోండి. పూతరేకులు ఆత్రేయపురంలో అట్టపెట్టె మీద లేబులున్నవి కొనండి. ఆవకాయ సీసా మాత్రం విమానంలోనే సూట్‌కేసు కొంప ముంచుతుంది, అత్తయ్యగారికి ఆ మాట మీరు చెప్పకండి, మీ ఆవిడ చేత చెప్పించండి.