హెల్సింకీ చలిలో హీట్ పంపు: నా లెక్కలో సీఓపీ 1.9, కరపత్రంలో 3 పైన. తేడా ఎక్కడ?

ఎస్పూ విద్యార్థి:
నమస్కారం. బొగ్గు బాయిలర్లను తీసేసి, వాటి స్థానంలో హీట్ పంపులతో (చల్లని చోటి వేడిని కరెంటుతో లాగి ఎక్కువ వేడి ఉన్న చోటికి ఎక్కించే యంత్రాలతో) వేడిచేసిన నీటిని గొట్టాల ద్వారా ఊరంతటికీ పంపితే ఎంత కరెంటు అవసరమవుతుందో కోర్సు ప్రాజెక్టు కోసం తేల్చాలి. నిన్న సాయంత్రం నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నాను. బయట మైనస్ 26 డిగ్రీలు ఉన్నప్పుడు నీటిని (ఒత్తిడిలో ఉంచి, మరగకుండా) 115 డిగ్రీల వద్ద పంపాలి కాబట్టి, ఆ 115 డిగ్రీలను, అంటే 388 కెల్విన్‌ను, వేడిని తీసే చోటి 5 డిగ్రీలతో ఉన్న తేడా 110తో భాగించి, వచ్చిన ఆదర్శ పరిమితిలో నిజమైన యంత్రం అందుకునేది 55 శాతం అని తీసుకున్నాను. సీఓపీ, అంటే ఒక యూనిట్ కరెంటుకు వచ్చే వేడి యూనిట్ల సంఖ్య, 1.9 దాటడం లేదు. తయారీదారు కరపత్రం మాత్రం 3 కంటే ఎక్కువని చెబుతోంది. సూత్రంలో తప్పు లేదు, ఎక్సెల్ షీటును మళ్లీ మళ్లీ సరిచూశాను. కరపత్రమే అబద్ధమా? రేపు ఉదయం అప్పజెప్పాలి.

మెకానికల్ 98:
రిటర్న్ నీటి (ఇళ్లలో వేడి ఇచ్చి ప్లాంటుకు తిరిగొచ్చే నీటి) ఉష్ణోగ్రత ఎంత? వేడిని దేని నుంచి తీస్తున్నారు? ఈ రెండూ చెప్పకుండా ఏమీ తేలదు.

శీతల యంత్రం:
సీఓపీ కంటే ముందు, యంత్రంలో వేడిని మోసుకెళ్లడానికి ఏ వాయువు నింపుతున్నారో అడగాలి. స్టాక్‌హోమ్‌లోని రోప్‌స్టెన్‌లో 1980ల నుంచి బాల్టిక్ సముద్రపు నీటి నుంచి వేడిని తీస్తున్న భారీ హీట్ పంపులను అందరూ ఆదర్శంగా చూపుతారు గానీ, అక్కడ వాడుతూ వచ్చిన ఆర్-134ఎ వాయువు నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుందన్న సంగతిని ఎవరూ ఎత్తరు. నార్వేలోని ద్రామెన్‌లో ఫ్యోర్డు (సన్నని సముద్రపు పాయ) నీటితో నడిచే యంత్రానికి అమోనియా వాడారు. డెన్మార్క్‌లోని ఎస్బియర్‌లో ఏకంగా కార్బన్ డయాక్సైడ్‌నే వాడుతున్నారు. మన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో తిరిగేదీ ఆ అమోనియాయే. అక్కడ బయటికి పారేసే వేడే ఇక్కడ అమ్ముకునే సరుకు.

ఎస్పూ విద్యార్థి:
అయ్యా, వాయువు గురించి నేను అడగలేదు. రిటర్న్ నీరు 50 డిగ్రీల దగ్గర ఉంటుందని అందరికీ తెలుసుననుకున్నాను. శుద్ధి చేసిన మురుగునీరు 10 డిగ్రీల వద్ద వస్తుంది, 4 వద్ద వదిలేస్తాం.

పాత బాయిలరు:
మొదటి పోస్టులోనే ఈ రెండు ముక్కలూ రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీరు వేడినంతా 115 డిగ్రీల వద్దే ఇస్తున్నట్టు లెక్క వేశారు. నిజానికి హీట్ పంపు 50 డిగ్రీల నీటిని అందుకుని 85 దాకా తీసుకెళ్తుంది, మిగతాది బాయిలరు చూసుకుంటుంది. కాబట్టి 50కీ 85కీ మధ్య సంవర్గమాన సగటు (లాగ్ మీన్) తీసుకోండి, అది 340 కెల్విన్, అంటే సుమారు 67 డిగ్రీలు. మురుగునీటి వైపు సగటు 280, అంటే సుమారు 7 డిగ్రీలు. అప్పుడు 340ని 60తో భాగిస్తే 5.67, అందులో 55 శాతం 3.1. అయితే ఒకే కండెన్సరుతో (వాయువు తన వేడిని నీటికిచ్చే భాగంతో) నీటినంతటినీ వేడిచేస్తే ఇది రాదు, యంత్రాలను వరుసగా కలిపి నీటిని మెట్లమెట్లుగా వేడి చేయాలి. బయటి మైనస్ 26తో మీ యంత్రానికి నేరుగా సంబంధం లేదు, ఎంత వేడి నీరు పంపాలో మాత్రమే అది నిర్ణయిస్తుంది. హెల్సింకీలో కత్రి వాలా పార్కు కింద 2006 నుంచి మురుగునీటి వేడితో నడుస్తున్న ప్లాంటును ఒకసారి చూసి రండి.

మెకానికల్ 98:
3.1 యంత్రానిది, ప్లాంటుది కాదు. 50 నుంచి 115కు వెళ్లే దారిలో హీట్ పంపు వాటా 54 శాతమే. మిగతా 46 శాతాన్ని ఎలక్ట్రిక్ బాయిలరుతో ఇస్తే మొత్తం మీద 1.6 వస్తుంది. విద్యార్థి గారి 1.9 కంటే అదే తక్కువ. దేన్ని సీఓపీ అంటున్నారో ముందు తేల్చుకోండి.

పాత బాయిలరు:
ఆ 1.9 కాగితం మీది సంఖ్య, 5 నుంచి 115కు ఒక్క ఊపున ఎత్తే యంత్రాన్ని ముందు నాకు చూపండి. అంత చలి ఏడాదిలో కొద్ది గంటలే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ కాలం 85 లోపు నీరు సరిపోతుంది, అప్పుడు బాయిలరు వెలిగించనక్కరలేదు. గిరాకీ హెచ్చుతగ్గులను సర్దుకోవడానికి హెల్సింకీలోని ముస్తిక్కమా దీవిలో, ఒకప్పుడు చమురు నిలవచేసిన గుహల్లో 2,60,000 ఘనపు మీటర్ల వేడినీటిని దాచుకుంటున్నారు. హెల్సింకీలో హనసారి బొగ్గు కేంద్రాన్ని 2023లో, సల్మిసారిని 2025లో మూయగలిగారంటే ఇలాంటివన్నీ కలిసి పనిచేయడం వల్ల.

శీతల యంత్రం:
మురుగునీటి వేడి ఎక్కడిది? ఇళ్లలో స్నానాలకు వాడిన అదే వేడినీటిది. ఇంధనం మండించి కాచిన నీటి నుంచి వేడిని వెనక్కి తీసుకుని దాన్ని పునరుత్పాదకమంటే ఎలా?

పాత బాయిలరు:
నేను పునరుత్పాదకమనలేదు. పారేసే వేడిని తిరిగి వాడుకోవడమంటాను. కర్బనం లెక్క కరెంటును బట్టి ఉంటుంది. బొగ్గు కరెంటుతో నడిపితే ఇదంతా దండగే. ఫిన్లాండ్‌లో అణు, జల, పవన విద్యుత్తుల వాటా పెద్దది కాబట్టి లాభం.

ఎస్పూ విద్యార్థి:
3.1 వచ్చింది, అప్పజెప్పేశాను. ధన్యవాదాలు.

మెకానికల్ 98:
మురుగునీటిని తోడే పంపుల కరెంటు కలిపారా?